ఆక్సిజన్ కాపలా

ఫోటో మసగ్గా వచ్చింది. సూర్రావు ఫోను వెనక అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచి మళ్లీ తీశాడు. ఈసారి చెరువు నీళ్లలో గాలి కలిపే ఆరు ఏరేటర్లూ పడ్డాయి. తెడ్లు తిరుగుతున్నాయి. వాటి వెనక నీళ్లు తెల్లగా ఎగురుతున్నాయి. ఫోటో అడుగున తేదీ, టైము, పెదపాడు మండలం అన్న అక్షరాలు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఉదయం ఆరు. వాట్సాప్‌లో పంపాడు. రెండు టిక్కులు నీలంగా మారాయి. అంటే ఏలూరులో చెరువు యజమాని నరసింహమూర్తి నిద్ర లేచాడన్నమాట.

ఆ రాత్రికి అది పదమూడో ఫోటో, ఆఖరిది. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా గంటకొకటి పంపాలి. ఆరేళ్లుగా ఒక్కటీ తప్పలేదు.

సూర్రావుకి యాభై ఆరేళ్లు. మేత బస్తాలు మోసి మోసి ఎడమ భుజం కిందికి దిగింది. పొద్దస్తమానం తడిలో ఉండే పాదాలు నానిన అట్టలా తెల్లబడి పగుళ్లిచ్చాయి. మనిషి సన్నం. గట్టు మీద దూరం నుంచి చూస్తే పాతిన కర్రకీ అతనికీ పెద్ద తేడా తెలియదు. చుట్టూ చెరువులే. ఇరవై ఎకరాల చెరువు, దాని పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి, కొల్లేరు దాకా అంతే. నడుమ బండి పట్టేంత గట్టు. గట్టు చివర సిమెంటు షెడ్డు. కాపలాదారు బతుకంతా అక్కడే.

నిచ్చెన ఎక్కి షెడ్డు స్లాబు మీదికి వెళ్లాడు. టార్పాలిన్ తీస్తే దూరదర్శిని బయటపడింది. మూరెడు పైన పొడవున్న తెల్ల గొట్టం, కింద ఇనుప ముక్కాలి పీట, భూమి తిరిగే దిక్కుకి ఎదురు దిక్కున మెల్లగా తిప్పే మోటారు, వెనక కెమెరా. గొట్టం మూతికి స్టీలు క్యారేజీ మూత బిగించి ఉంది. అసలు మూత మొదటి వారంలోనే గాలికి ఎగిరి చెరువులో పడిపోయింది. ఏం చెయ్యాలో తోచక సూర్రావు తన క్యారేజీ పైగిన్నె మూత పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. అప్పటినుంచీ అతని అన్నం మూత లేకుండానే ఉంటోంది.

దూరదర్శిని అతనిది కాదు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ప్రేమ్‌కుమార్ మేష్టారిది. రెండు చలికాలాల కిందట చీకటి వెతుక్కుంటూ ఈ గట్టుకి వచ్చాడు. రోజూ రావడం కుదరక సూర్రావుకి నేర్పాడు. ఇప్పుడు ఫోటోలు తీసేది సూర్రావు, వాటిని కంప్యూటర్లో కలిపేది మేష్టారు. తీసేది ఒక్కదాన్నే. ఆశ్లేష చుక్కల దగ్గర ఒక మసక నీహారిక. కంటికి కనపడదు. దూరదర్శినిలోంచి చూసినా కనపడదు.

మూత సరిగ్గా ఉందో లేదో చూసి, టార్పాలిన్ కప్పి, సూర్రావు ఆకాశం వంక చూశాడు. మబ్బు. మూడో రోజు.

తర్వాత చెరువు వంక చూశాడు. అదే అసలు భయం. నీళ్లలో ఉండే నాచు ఎండ తగిలితేనే ఆక్సిజన్ వదులుతుంది. మబ్బు పట్టి ఎండ లేకపోతే పగలు వదిలేది తక్కువ, రాత్రి అది పీల్చుకునేది మామూలే. మూడు రోజుల మబ్బు తర్వాత తెల్లవారుజాము చెరువుకి గండం. ఏరేటర్లు గంటసేపు ఆగితే బొచ్చె, శీలావతి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రెండు గంటలు ఆగితే ఇక తెరవవు.

సూర్రావు జనరేటర్ దగ్గరికి వెళ్లి తాళం తిప్పాడు. టక్ మంది. మళ్లీ తిప్పాడు. టక్. అంతే. బ్యాటరీ చచ్చి వారమైంది.

*

పదకొండింటికి నరసింహమూర్తి కారులో వచ్చాడు. వెంట ఎలక్ట్రీషియన్. గట్టు పొడుగునా యాభై అడుగులకొక చోట సున్నంతో గుర్తులు పెట్టించాడు.

"రేపు స్తంభాలు పాతేస్తారు సూర్రావ్. రాత్రంతా లైట్లు. పట్టపగల్లా ఉంటుంది. పక్క చెరువులో దొంగలు వల వేశార్ట, విన్నావా?"

"విన్నానండి. జనరేటర్ బ్యాటరీ పోయిందండి. ఇది మూడోసారి చెప్పడం."

"రేపు లైట్లవాళ్లతో పాటే వస్తుంది. ఒక్క రాత్రికి ఏమవుతుంది?" మూర్తి స్లాబు వైపు చూసి నవ్వాడు. "కరెంటు ఎప్పుడు పోతుందో ఆ గొట్టంలోంచి చూసి చెప్పరాదూ? నక్షత్రాలు చూసేవాడివి కదా!"

ఎలక్ట్రీషియన్ కూడా నవ్వాడు. సూర్రావు సున్నం గుర్తుల వంక చూశాడు. రేపు ఆ లైట్లు వెలిగాక ఈ గట్టు మీంచి పెద్ద చుక్కలు నాలుగు కనపడతాయేమో. నీహారిక మాట మర్చిపోవాల్సిందే. మేష్టారి లెక్కలో ఇంకా మూడు గంటల ఫోటోలు కావాలి. ఉన్నది ఒక్క రాత్రి. ఆ రాత్రి మీద మబ్బు.

మూర్తి చెడ్డవాడు కాదు. అదే చిక్కు. ఆరేళ్ల కిందట సూర్రావు కూతురు వీరదుర్గకి నొప్పులొస్తే, చెప్పకుండా గట్టు దిగి తాడేపల్లిగూడెం ఆసుపత్రికి పరిగెత్తాడు. మనవరాలు అఖిల పుట్టింది. అదే రాత్రి కరెంటు పోయింది. తెల్లారి వచ్చేసరికి చెరువు తెల్లగా ఉంది. ఇరవై ఎకరాల నిండా వెల్లకిలా తేలిన చేపల పొట్టలు. మూర్తి అతన్ని కొట్టలేదు, తిట్టలేదు, పనిలోంచి తియ్యలేదు. భుజం మీద చెయ్యి వేసి ఒకటే అన్నాడు: "నిన్ను ఏమీ అనను సూర్రావ్. ఇక రాత్రిళ్లు మాత్రం గట్టు దిగకు."

దిగలేదు. పండగా పబ్బం, పెళ్లీ చావూ, ఏదైనా పగలు వెళ్లి చీకటి పడేలోపు వచ్చెయ్యడమే. తల్లి పోయిన రోజున కూడా దహనం కాగానే తడిబట్టలతోనే బస్సెక్కాడు.

మధ్యాహ్నం భార్య సావిత్రి ఫోను చేసింది. ఆవిడ ఉంగుటూరులో కూతురి దగ్గర ఉంటుంది.

"ఏవండీ, తిన్నారా?"

"ఆ."

"అఖిల అడుగుతోంది. తాతయ్య రాత్రి ఎక్కడ పడుకుంటాడూ అని. వాళ్ల క్లాసులో ఎవరో అన్నార్ట, రాత్రిళ్లు కనపడనివాళ్లు జైల్లో ఉంటారని."

సూర్రావు నవ్వబోయాడు. గొంతులోంచి దగ్గొచ్చింది. "చేపల పట్టుబడి కానీ, చూద్దాం," అన్నాడు.

"ఏ పట్టుబడండీ? ఆరేళ్లలో ఆరు పట్టుబళ్లయ్యాయి," అని ఆవిడ పెట్టేసింది.

*

ప్రేమ్‌కుమార్ సాయంత్రం ఏడింటికి బైకు మీద వచ్చాడు. ముప్పై దాటని కుర్ర మేష్టారు. హెల్మెట్ తియ్యకుండానే లాప్‌టాప్ తెరిచాడు.

"చూడండి సూర్రావు గారూ. ముప్పై ఎనిమిది గంటలు. మీ నాలుగు వందల యాభై ఫోటోలు కలిపితే ఇదీ."

సూర్రావు వంగి చూశాడు. నల్లటి తెర మీద నీలమూ పచ్చా కలిసిన గుండ్రటి మచ్చ. అద్దం మీద ఊపిరి వదిలితే పడే ఆవిరిలా ఉంది. ఇంతకాలం కెమెరా వెనక అతనికి కనపడింది నలుపూ, గింజలు జల్లినట్టు చుక్కలూ మాత్రమే.

"చందమామలో సగం ఉంటుందండీ ఇది," అన్నాడు మేష్టారు. "అంత పెద్దది. కానీ అంత మసక. పేరు గ్రహ నీహారిక. గ్రహంతో సంబంధమేం లేదు. పాతకాలపు గొట్టాల్లో గుండ్రంగా గ్రహంలా కనపడ్డాయని వీటికి ఆ పేరు పెట్టారు. నిజానికిది మన సూర్యుడి లాంటి నక్షత్రమే. ముసలిదైపోయి, ఉబ్బి, పై పొరలన్నీ వదిలేసుకుంది. నడుమ ఈ చిన్న నీలం చుక్క ఉందే, మిగిలిన నిప్పుముక్క అది. దాని వేడికి ఆ వదిలేసిన వాయువులు వెలుగుతున్నాయి."

"ఈ నీలం?"

"ఆక్సిజన్."

సూర్రావు తలెత్తాడు. "మన ఆక్సిజనేనా?"

"మీ చెరువులో ఉన్నదే. అరవై ఏళ్లపాటు శాస్త్రవేత్తలు ఈ వెలుగు చూసి ఏదో కొత్త మూలకం అనుకున్నారు. ఎందుకంటే భూమ్మీద ఆక్సిజన్ ఇలా వెలగదు. ఒక్కో కణానికి ఊపు తగిలాక, అరనిమిషం పాటు ఇంకేదీ దాన్ని తాకకుండా ఉంటేనే ఈ రంగు వదులుతుంది. ఇక్కడి గాలిలో సెకనుకి వందల కోట్ల సార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. వెలగడానికి తీరికేదీ?"

"అరనిమిషం ఎవరూ కదపకుండా వదిలేస్తే మనిషి కూడా వెలుగుతాడండీ," అన్నాడు సూర్రావు.

మేష్టారు పడీ పడీ నవ్వాడు. అతను నవ్వుతుండగానే ఫోను మోగింది. ఎనిమిది గంటల అలారం. సూర్రావు లేచి ఫ్లడ్‌లైటు వేసి, గట్టు మూలకెళ్లి ఫోటో తీసి, పంపి, లైటు ఆర్పి వచ్చాడు. నవ్వు ఎక్కడ ఆగిందో ఇద్దరికీ గుర్తులేదు.

"ఇక మిగిలింది ఎరుపు," మేష్టారు తెర మీద వేలు పెట్టాడు. "ఈ పక్కన హైడ్రోజన్ అంచు ఉండాలి. ఆ నక్షత్రం కదిలిపోతూ ఉంటుంది కదా, ఎదురుగా ఉన్న వాయువులు తగిలి ఈ పక్క నొక్కుకుపోయి గట్టుకట్టింది. మూడు గంటలు, అంటే ముప్పై ఆరు ఫోటోలు ఎర్ర ఫిల్టర్‌తో తీస్తే ఆ గట్టు బయటపడుతుంది. లేకపోతే ఇది ఉత్త మచ్చే."

"అక్కడా గట్టేనా?"

"రేపు నాకు పరీక్ష డ్యూటీ ఉందండీ, ఉండలేను. మబ్బు విడిస్తే మీరే కానివ్వండి. కొత్త బ్యాటరీ నిండా ఛార్జి చేసి తెచ్చాను." గట్టు మీది కరెంటు ఏరేటర్ మోటార్ల వల్ల ఎగిరెగిరి పడుతుందని దూరదర్శినికి అతను వేరే పెద్ద బ్యాటరీ పెట్టాడు. బైకెక్కుతూ వెనక్కి తిరిగాడు. "విడవకపోతే మాత్రం ఇంతే అనుకుందాం. మనం చెయ్యగలిగింది చేశాం."

*

పది నలభైకి మబ్బు విడింది.

ఉత్తరాన ఏలూరు కాంతి తప్పిస్తే ఆకాశమంతా కడిగి ఆరేసినట్టుంది. సూర్రావు స్లాబు ఎక్కి మూత తీసి పిట్టగోడ మీద పెట్టాడు. పదకొండు గంటల ఫోటో పంపి, ఫ్లడ్‌లైటు ఆర్పి, కెమెరా మీట నొక్కాడు. ఒక్కో ఫోటోకి అయిదు నిమిషాలు. గంటకి పది పడతాయి. మిగిలిన పది నిమిషాలు మూర్తికి. లైటు వెయ్యగానే ఆ వెలుగు కెమెరాలో పడుతుంది కాబట్టి పని ఆపాలి. గంటగంటకీ అదే వరస. పది, ఆపు. పది, ఆపు.

ఒంటిగంటకి ఇరవై అయ్యాయి. మరో పదహారు చాలు.

ఒకటీ ఇరవైకి, ఇరవై రెండో ఫోటో పూర్తవగానే చెరువు నోరు మూసుకుంది.

అతనికి ముందు అర్థం కాలేదు. ఆరు ఏరేటర్ల హోరు ఆరేళ్లుగా చెవిలో ఉంటే ఇక అది చప్పుడు కాదు. ఆగినప్పుడే చప్పుడు. సూర్రావు లేచి నిలబడ్డాడు. చుట్టూ ఏ చెరువు మీదా దీపం లేదు. లైను మొత్తం పోయింది. కొద్దిసేపట్లో పక్క చెరువుల మీద జనరేటర్లు ఒకటొకటిగా దగ్గి లేచాయి.

తన జనరేటర్ తాళం తిప్పాడు. టక్.

మూర్తికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. అంతే. మంచి నిద్రలో ఉన్నాడు. లేచినా ఏలూరు నుంచి ముప్పావుగంట. ఎర్రగుడ్డ చుట్టిన టార్చిని నీళ్ల మీద వేశాడు. మూల దగ్గర మొదటి బొచ్చె పైకొచ్చింది. గుండ్రటి నోరు తెరిచి గాలి మింగింది. దాని పక్కన ఇంకోటి. తర్వాత వాన చినుకులు పడ్డట్టు చెరువంతా చిటపటలు. ఒక్క చినుకూ లేదు.

ఆరేళ్ల కిందటి తెల్లదనం కళ్లముందు కదిలింది.

గట్టు మొత్తం మీద ప్రాణమున్న బ్యాటరీ ఒక్కటే ఉంది. అది స్లాబు మీద, దూరదర్శిని కింద. తీస్తే మోటారు ఆగుతుంది, కెమెరా ఆగుతుంది, రెండు చలికాలాలుగా పట్టుకున్న చోటు తప్పిపోతుంది. మేష్టారు లేకుండా దాన్ని మళ్లీ పట్టడం సూర్రావు ఎప్పుడూ చెయ్యలేదు. రేపు లైట్లు.

ఎంతసేపు నిలబడ్డాడో, అరనిమిషం కూడా ఉండదు. తీగలు ఊడదీశాడు.

ఇరవై కిలోల బ్యాటరీ. నిచ్చెన దిగేటప్పుడు ఒక మెట్టు తప్పి మోకాలు చీరుకుంది. జనరేటర్ గట్టు అవతలి చివర ఉంది. మూడు వందల అడుగులు. దిగిన ఎడమ భుజం మీద పెట్టుకుని, టార్చి పళ్ల మధ్య కరుచుకుని నడిచాడు. పక్కన నీళ్లలో నోళ్లు. వేల నోళ్లు. చూడకుండా నడిచాడు. తీగలు బిగించి తాళం తిప్పాడు. జనరేటర్ ఒకసారి దగ్గింది, రెండుసార్లు దగ్గింది, అందుకుంది.

ఏరేటర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. సూర్రావు నేల మీద కూలబడ్డాడు. రెండు గంటల అలారం మోగింది. చెయ్యి లేవలేదు. మోగి మోగి అదే ఆగింది.

జనరేటర్ లేచాక దానికి బ్యాటరీతో పనిలేదు. ఆ సంగతి తట్టగానే లేచాడు. తీగలు ఊడదీశాడు. బ్యాటరీని మళ్లీ భుజానికెత్తాడు.

స్లాబు మీద దూరదర్శిని ఎటో చూస్తోంది. సూర్రావు కంటితో వెతికాడు. ఆశ్లేష పాముతలలా ముడుచుకున్న చుక్కల గుంపు. దాని మెడ దగ్గరి చుక్క. దానికి ఉత్తరాన మసక చుక్క ఒకటి. ఆ రెంటికీ నడుమ, ఒక్క పిసరు పడమరకి. మేష్టారు ఎప్పుడో కర్రతో చూపించాడు. గొట్టాన్ని చేత్తో తిప్పి బిగించి ఒక ఫోటో తీశాడు. తెర మీద తెలియని చుక్కలు. కొంచెం జరిపాడు. మళ్లీ తెలియనివే. ఆరోసారికి మూల నుంచి మూడు చుక్కలు లోపలికొచ్చాయి. పొయ్యిరాళ్లలా మూడు. వాటిని అతను నాలుగు వందల యాభై ఫోటోల్లో చూశాడు. వెంట్రుకవాసి జరిపి మధ్యకి తెచ్చాడు.

రెండూ నలభైకి కెమెరా మొదలైంది.

మూడు గంటల అలారం మోగింది. సూర్రావు ఫోను వంక చూశాడు. ఫోటో తియ్యాలంటే ఫ్లడ్‌లైటు వెయ్యాలి. చెవి పెట్టి విన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరూ తిరుగుతున్నాయి. నీళ్ల మీద చిటపటలు లేవు. చేపలు కిందికి దిగాయి. ఈ సంగతి తెలుసుకోడానికి అతనికి లైటక్కర్లేదు, ఫోటో అక్కర్లేదు.

ఫోను తీసుకెళ్లి మేత బస్తాల కింద పెట్టాడు.

తిరిగొచ్చి పిట్టగోడకి చేరగిలపడి కూర్చున్నాడు. నాలుగు గంటల అలారం బస్తాల కింద ఎక్కడో మోగినట్టుంది. మోకాలు మీద రక్తం ఎండింది. ఆరేళ్లలో ఎవరూ పిలవకుండా అతనికి దొరికిన ఒక్క గంటా అదే. నాలుగున్నరకి నీహారిక పడమటి మంచులోకి దిగింది. అప్పటికి ఇరవై రెండు కొత్త ఫోటోలు. మొత్తం నలభై నాలుగు.

సూర్రావు మూత పెట్టాడు.

*

అయిదున్నరకి కారు గట్టు మీద దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. నరసింహమూర్తి తలుపు కూడా వెయ్యకుండా నీళ్ల దగ్గరికి పరిగెత్తాడు. టార్చి వేసి అటూ ఇటూ చూశాడు. నీళ్లు నల్లగా, నిండుగా ఉన్నాయి. ఒక్క పొట్టా తేలలేదు. గుండె మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు. తర్వాత కోపం గుర్తొచ్చింది.

"ఫోటోలేవి సూర్రావ్? రెండు, మూడు, నాలుగు, అయిదు. నాలుగు లేవు. లేచి చూసుకునేసరికి నీ మిస్డ్ కాల్స్ రెండు, ఆ తర్వాత ఏమీ లేదు. తిరిగి చేస్తే ఎత్తవు. ప్రాణం పోయిందనుకో!"

"ఒకటీ ఇరవైకి కరెంటు పోయిందండి. మేష్టారి బ్యాటరీతో జనరేటర్ లేపాను."

"అది సరే. ఫోటో?"

"తియ్యలేదండి."

"తియ్యకపోతే నువ్వు మేలుకునే ఉన్నావని నాకెలా తెలుస్తుంది?"

సూర్రావు చెరువు వంక చూశాడు. జవాబు అక్కడే ఉంది. మూర్తి మాత్రం ఫోను వంక చూస్తున్నాడు.

సూర్రావు షెడ్డులోకి వెళ్లి, చొక్కా తొడుక్కుని, మూత లేని క్యారేజీని సంచిలో పెట్టుకుని వచ్చాడు. బస్తాల కింది ఫోను మూర్తి చేతిలో పెట్టాడు. అది మూర్తి కొనిచ్చిందే.

"నేను వెళ్తానండి."

"టీ తాగడానికా? నాకూ ఒకటి చెప్పు."

"ఉంగుటూరికండి."

"సరే, మధ్యాహ్నానికి వచ్చెయ్. లైట్లవాళ్లు వస్తారు."

"రానండి."

మూర్తికి అప్పుడు అర్థమైంది. గొంతు మెత్తబడింది. "అదేంటి సూర్రావ్? ఆ రోజు అంత పోతే నేను నిన్ను ఒక్క మాటన్నానా?"

"అనలేదండి," అన్నాడు సూర్రావు. "అనుంటే ఎప్పుడో వెళ్లిపోయేవాణ్ణి."

గట్టు పొడుగునా సున్నం గుర్తుల పక్కనుంచి నడిచాడు. కుంటుతున్నాడు. తొందరగా నడవలేదు, వెనక్కీ తిరగలేదు. మొదటి బస్సు ఆరుంబావుకి.

అతను మలుపు తిరిగేసరికి మూర్తి చేతిలో ఫోను మోగింది. ఆరు గంటల అలారం. ఎలా ఆపాలో తెలియలేదు. ఏం చెయ్యాలో మాత్రం తెలుసు. గట్టు మూలకెళ్లి, ఫోను ఎత్తి, ఆరు ఏరేటర్లూ పడేట్టు ఫోటో తీసి పంపాడు. తన జేబులోనే రెండో ఫోను టింగుమంది.

*

పరీక్ష డ్యూటీ అయ్యాక, ప్రేమ్‌కుమార్ సామాను తీసుకెళ్దామని ఆటో మాట్లాడుకుని వచ్చాడు. గట్టు మీద స్తంభాలు లేస్తున్నాయి. స్లాబు మీదే కూర్చుని కార్డులోని ఫోటోలు లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. కలిపాడు. మచ్చ ఒక పక్కన, వంపు తిరిగి, పల్చగా, ఎర్రటి అంచు లేచింది. మధ్యలో గంటా ఇరవై నిమిషాలు ఖాళీ ఎందుకొచ్చిందో, నక్షత్రాలు మళ్లీ అదే చోటికి ఎలా వచ్చాయో అతనికి అంతుపట్టలేదు.

"సూర్రావు గారూ!" అని నిచ్చెన మీంచి కేకేశాడు. కింద గుంత తవ్వుతున్న మనిషి తలెత్తి, లేడన్నట్టు చెయ్యి ఊపాడు.

గొట్టాన్ని, మోటారుని, బ్యాటరీని ఆటోలోకి దింపుకున్నాడు. స్టీలు మూతని మాత్రం తర్వాత సూర్రావుకి ఇద్దామని పిట్టగోడ మీద వెల్లకిలా పెట్టి, హడావుడిలో మర్చిపోయాడు. దాని లోపలివైపు, రెండు చలికాలాలు గొట్టం అంచు ఒరుసుకుని పడిన గుండ్రటి గీత ఉంది. ఒక పక్క కాస్త ఎక్కువ అరిగింది.